ఫుస్తాత్‌లోని జామె అతీఖ్ : కట్టడం మారినా నిలిచిన మస్జిద్

కైరో నగరపు దక్షిణ భాగంలో, నైలు నదికి తూర్పున ఉన్న పాత బస్తీలో ఒక విశాలమైన మస్జిద్ ఉంది. దానికి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) పేరు నిలిచిపోయింది. పూర్వ గ్రంథకర్తలు దానిని 'జామె అతీఖ్' అన్నారు; అంటే ప్రాచీన జామె మస్జిద్ అని అర్థం. 'తాజుల్ జవామె' అనే బిరుదు కూడా దానికి ఉంది. ఈజిప్టు ముస్లింలకు మాతృస్థానం వంటిది ఈ మస్జిద్.

దానిని చూడబోయిన యాత్రికుడు ఏదో ఒక స్తంభాన్ని చేత్తో తాకి, "ఇది సహాబాల కాలం నాటిదేనా?" అని అడిగితే, కాదనే చెప్పవలసి ఉంటుంది. హజ్రత్ అమ్ర్ (రజి) కట్టించిన మస్జిద్‌లోని ఒక్క ఇటుక కూడా ఈనాడు మిగిలి లేదు. 20వ శతాబ్దంలో ఈ మస్జిద్ గోడలను ఒక్కొక్కటిగా కొలిచి పరిశీలించిన వాస్తు చరిత్రకారుడు కె.ఎ.సి. క్రెస్వెల్, ఇక్కడ మిగిలిన భాగాలలో అన్నిటికంటె పాతవి క్రీ.శ. 827 నాటివని నిర్ధారించాడు. అంటే స్థాపనకు, మిగిలిన అతి పురాతన భాగానికి మధ్య సుమారు 185 సంవత్సరాల ఎడం ఉంది.

అటువంటప్పుడు దీనిని తొలికాలపు మస్జిద్ అని ఏ విధంగా అనగలం? ఒక మస్జిద్ ప్రాచీనత దేనిలో ఉంటుంది? గోడలలోనా, స్థలంలోనా, లేక అక్కడ సాగిన ఆరాధనలోనా? ఈ మస్జిద్ చరిత్రను తొలి నుండి పరిశీలిస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

నగరం, స్థలం

హిజ్రీ 20 (క్రీ.శ. 641)లో బాబిలోన్ కోట ముస్లింల వశమైంది. ఆ తరువాత అలెగ్జాండ్రియా కూడా లొంగిపోయింది. అలెగ్జాండ్రియా మహానగరం, పాలరాతి భవనాలు, ఓడరేవు, శతాబ్దాల రాజధాని వైభవం ఉన్నచోటు. హజ్రత్ అమ్ర్ (రజి) అక్కడే నివాసం ఏర్పరచుకోదలచారు. కాని ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) అందుకు అంగీకరించలేదు. తనకూ సైన్యానికీ నడుమ దాటవలసిన నీరు అడ్డు ఉండరాదని ఆయన ఆదేశించినట్లు చారిత్రకులు రాశారు. అందువల్ల సైన్యం నైలు నది తూర్పు గట్టుకు, బాబిలోన్ కోట పరిసరాలకు తిరిగివచ్చింది. అక్కడ వెలసిన ఊరే ఫుస్తాత్.

ఆ పేరుకు సంబంధించి ఒక కథ ప్రసిద్ధమైంది. హజ్రత్ అమ్ర్ (రజి) అలెగ్జాండ్రియాకు బయలుదేరే సమయానికి ఆయన గుడారం మీద ఒక పావురం గూడు కట్టుకొని ఉండటం చూసి, దానిని కదిలించవద్దని గుడారాన్ని అలాగే విడిచిపెట్టారట. అరబ్బీలో 'ఫుస్తాత్' అంటే గుడారం. ఆధునిక పండితులు కొందరు, కందకం చుట్టిన సైనిక విడిదికి రోమనులు వాడిన మాట నుండి ఈ పేరు వచ్చిందంటారు. ఏదైనప్పటికీ ఆ ఊరు గుడారాల విడిదిగానే మొదలైందనడంలో సందేహం లేదు.

మస్జిద్ కట్టిన స్థలం ఖైసబా బిన్ కుల్సూమ్ అనే తుజీబ్ తెగవారిది. కోట ముట్టడి సమయంలో ఆయన తన కుటుంబంతో అక్కడ విడిదిచేశారు. విజయానంతరం ఆ చోటును మస్జిద్‌కు ఇవ్వవలసిందిగా, దానికి బదులు కోరినచోట మరొక స్థలం ఇస్తామని హజ్రత్ అమ్ర్ (రజి) అడిగారు. ఖైసబా బదులు స్థలమేదీ తీసుకోలేదు. తన స్థలాన్ని ముస్లింలకు సదఖాగా ఇచ్చివేసి, తన తెగవారి వాడకు వెళ్లి స్థిరపడ్డారు. అధికారం చేతిలో ఉన్న సేనాని అడిగి తీసుకోవడం, హక్కుదారు ఉచితంగా ఇవ్వడం — ఈ మస్జిద్ పునాది ఈ రెండింటిమీద పడిందని మనం గుర్తుంచుకోవాలి.

మొదటి కట్టడం

హి. 21 (క్రీ.శ. 642) ప్రాంతంలో కట్టిన ఆ మొదటి మస్జిద్ పొడవు 50 మూరలు, వెడల్పు 30 మూరలు. నేటి లెక్కలో సుమారు 29 మీటర్లు, 17 మీటర్లు. కప్పు తక్కువ ఎత్తులో ఉండేది. నేలపై గులకరాళ్లు పరచబడి ఉండేవి. గోడలకు గిలాబు లేదు, అలంకారం లేదు. లోపల ఆరుబయలు ప్రాంగణం కూడా లేదు. వేసవిలో జనం మస్జిద్ ముందున్న ఖాళీ స్థలంలో కూర్చునేవారు. హజ్రత్ అమ్ర్ (రజి) ఇల్లు తూర్పువైపున, ఒక ఇరుకైన దారికి ఆవల ఉండేది.

ఈనాడు మస్జిద్ అనగానే మన మనస్సుకు తోచే మీనారు అక్కడ లేదు. లోపలికి వంపు తిరిగిన మిహ్రాబ్ లేదు. అవి లేనందువల్ల నమాజుకు లోటేమీ రాలేదు. ఖిబ్లా దిశను నిర్ణయించడానికి మాత్రం ఎంతో శ్రద్ధ వహించారు. జుబైర్ బిన్ అవ్వామ్, మిఖ్దాద్, ఉబాదా బిన్ సామిత్, అబూ దర్దా (రజి) వంటివారితో సహా 80 మంది సహాబాలు ఖిబ్లాను నిలబెట్టడంలో పాల్గొన్నారని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. కట్టడంలో నిరాడంబరత, దిశలో జాగ్రత్త — ఆ తరం దేనికి ఎంత విలువ ఇచ్చిందో దీనివల్ల స్పష్టమవుతున్నది.

మింబర్ విషయం

హజ్రత్ అమ్ర్ (రజి) ఖుత్బా ఇవ్వడానికి మస్జిద్‌లో ఒక మింబర్ చేయించారు. ఈ వార్త మదీనాకు చేరింది. వెంటనే హజ్రత్ ఉమర్ (రజి) లేఖ రాశారు. ముస్లింలు నీ మడమల క్రింద కూర్చొని ఉండగా నీవు నిలబడి మాట్లాడటం చాలదా అన్నది ఆ లేఖ భావం. మింబర్‌ను తీసివేయవలసిందిగా ఆయన గట్టిగా ఆదేశించారు. ఈజిప్టు విజయచరిత్రను రాసిన ఇబ్న్ అబ్దుల్ హకమ్ (మరణం క్రీ.శ. 871) ఈ సంఘటనను ఉల్లేఖించాడు.

మింబర్ నిషిద్ధమని దీని అర్థం కాదు. మదీనాలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మింబర్ మీద నిలబడే ఖుత్బా ఇచ్చేవారు. మరి హజ్రత్ ఉమర్ (రజి) దేనిని అడ్డుకున్నారు? సంపన్నమైన ఒక కొత్త దేశంలో, జయించిన సేనాని ప్రజల కంటె ఎత్తున కూర్చోవడానికి అలవాటుపడటాన్ని ఆయన అడ్డుకున్నారు. రోమను గవర్నర్లు ఆ దేశాన్ని శతాబ్దాలపాటు ఎత్తయిన పీఠాల మీదినుండే పాలించారు. మస్జిద్‌లో ఆ పీఠానికి చోటివ్వరాదన్నదే ఖలీఫా ఉద్దేశమని గ్రహించవచ్చు. ఆ తరువాతి కాలంలో ఇక్కడ మింబర్ తిరిగి వచ్చింది. కాని ఆ లేఖ కూడా మస్జిద్ చరిత్రలో భాగమై మిగిలిపోయింది.

విస్తరణలు

ఊరు పెరిగింది. నమాజీలు పెరిగారు. మస్జిద్ చాలలేదు. హి. 53 (క్రీ.శ. 673)లో, అమీర్ ముఆవియా (రజి) పాలనలో గవర్నరుగా ఉన్న మస్లమా బిన్ ముఖల్లద్ (రజి) దానిని మొదటిసారి విస్తరింపజేశారు. గోడలకు గిలాబు చేయించి, గులకరాళ్ల స్థానంలో చాపలు పరిపించారు. నాలుగు మూలలా అజాన్ కోసం నాలుగు బురుజులు కట్టించారు. మొదట ఈ మస్జిద్‌లో అజాన్ మొదలయ్యేదనీ, అది ముగియగానే ఫుస్తాత్‌లోని మిగిలిన మస్జిదుల ముఅజ్జిన్లందరూ ఒక్కసారిగా అజాన్ ఇచ్చేవారనీ చారిత్రకుడు మఖ్రీజీ రాశాడు.

హి. 79 (క్రీ.శ. 698)లో అబ్దుల్ అజీజ్ బిన్ మర్వాన్ పాత కట్టడాన్ని పడగొట్టి మరింత పెద్దదిగా కట్టించాడు. హి. 92-93 (క్రీ.శ. 711 ప్రాంతం)లో ఖలీఫా వలీద్ ఆజ్ఞపై గవర్నరు ఖుర్రా బిన్ షరీక్ దానిని కూడా పడగొట్టి తిరిగి నిర్మించాడు. ఈసారి హజ్రత్ అమ్ర్ (రజి) ఇంటిలో కొంత భాగం మస్జిద్‌లో కలిసిపోయింది. అంతకు కొద్ది సంవత్సరాల ముందు మదీనాలో, గవర్నరుగా ఉన్న ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఆధ్వర్యంలో వంపు మిహ్రాబ్ ఏర్పడింది. ఖుర్రా కట్టించిన ఫుస్తాత్ మస్జిద్‌లో కూడా అటువంటి మిహ్రాబ్ వచ్చింది.

చివరి పెద్ద విస్తరణ హి. 212 (క్రీ.శ. 827)లో జరిగింది. ఖలీఫా మామూన్ తరఫున ఈజిప్టుకు వచ్చిన అబ్దుల్లాహ్ బిన్ తాహిర్, ఉన్న మస్జిద్‌కు దాదాపు అంతే వైశాల్యాన్ని అదనంగా చేర్చాడు. అప్పటి నుండి మస్జిద్ కొలతలు సుమారు 120 మీటర్లు, 112 మీటర్లుగా స్థిరపడ్డాయి. సహాబాల కాలపు మస్జిద్‌తో పోలిస్తే ఇది పాతికరెట్లకు పైబడిన వైశాల్యం. ఆనాటి ఆకుల నగిషీ చెక్కిన కొయ్య దూలాల ముక్కలు కొన్ని దక్షిణపు మూలన నేటికీ నిలిచి ఉన్నాయి. మస్జిద్‌లో మిగిలిన అతి పురాతన వస్తువులు అవే.

ఖిబ్లా సవరణ

ఈ విస్తరణలన్నింటిలోనూ పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. సహాబాలు నిర్ణయించిన మొదటి ఖిబ్లా తూర్పువైపుకు ఎక్కువగా మొగ్గి ఉన్నదని తరువాతివారు గుర్తించారు. ఖుర్రా తిరిగి కట్టించినప్పుడు దానిని కొద్దిగా కుడివైపుకు, అంటే దక్షిణానికి జరిపించాడు. హి. రెండవ శతాబ్దంలో ఈజిప్టు మహావిద్వాంసులైన ఇమామ్ లైస్ బిన్ సఅద్ (మరణం క్రీ.శ. 791), ఇబ్న్ లహీఆ (మరణం క్రీ.శ. 790) ఈ మస్జిద్‌లో నమాజు చేసేటప్పుడు కొద్దిగా కుడివైపుకు తిరిగి నిలబడేవారని మఖ్రీజీ ఉల్లేఖించాడు.

సహాబాలు పొరపాటు చేశారా అనే ప్రశ్న ఇక్కడ ఎవరికైనా కలుగవచ్చు. విషయాన్ని సక్రమంగా అర్థం చేసుకోవాలి. ఆ కాలంలో రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలను బట్టి దిశను లెక్కించే గణితం అరబ్బుల వద్ద లేదు. ఆకాశంలో కనబడే గుర్తులే ఆధారం. చలికాలంలో పగళ్లు మిక్కిలి కురచగా ఉండే రోజులలో సూర్యుడు ఉదయించే దిక్కు ఈజిప్టులో 'సహాబాల ఖిబ్లా'గా ప్రసిద్ధి చెందింది. కైరోలో ఆ దిక్కు ఉత్తరం నుండి కుడిగా లెక్కిస్తే సుమారు 117 డిగ్రీలు. ఫాతిమీల కాలంలో కైరోలో జీవించిన ఇబ్న్ యూనుస్ (మరణం క్రీ.శ. 1009) వంటి ఖగోళ శాస్త్రజ్ఞులు గణితాన్ని ఉపయోగించారు. మధ్యయుగపు లెక్క ప్రకారం కైరో ఖిబ్లా 127 డిగ్రీలు. రేఖాంశాలు కచ్చితంగా తెలిసిన ఈ రోజుల్లో అది సుమారు 136 డిగ్రీలు.

దివ్య ఖురాన్ అల్ బఖరా సూరాలోని 144వ ఆయత్ ప్రకారం విశ్వాసులు ఎక్కడ ఉన్నా పవిత్ర మస్జిద్ వైపుకు ముఖం త్రిప్పుకోవాలి. మక్కాకు దూరంగా ఉన్నవారికి ఆ దిశ వైపు నిలబడితే చాలునని అత్యధిక ధర్మశాస్త్రవేత్తల అభిప్రాయం. శక్తి మేరకు ప్రయత్నించి నిర్ణయించిన దిశలో చేసిన నమాజు సరైనదే. కనుక సహాబాల నమాజుకు ఏ లోపమూ లేదు. అలాగే మెరుగైన జ్ఞానం కలిగినప్పుడు దిశను సవరించుకోవడం సహాబాల పట్ల అగౌరవమూ కాదు. వారు ఏ ఆజ్ఞను పాటించడానికి ఆ గోడను కట్టారో, ఆ ఆజ్ఞను మరింత చక్కగా పాటించడానికే తరువాతివారు ఆ గోడను జరిపారు. లైస్ బిన్ సఅద్ (రహ్మ) సహాబాల గోడను నిందించలేదు. దాని ముందే నిలబడి, తన పాదాలను మాత్రం కొద్దిగా త్రిప్పుకున్నారు. గౌరవం, సత్యాన్వేషణ ఒకేచోట ఎలా ఇముడుతాయో చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

న్యాయస్థానం, పాఠశాల

మస్జిద్ నమాజుకు మాత్రమే పరిమితమై ఉండలేదు. ప్రాంగణంలో స్తంభాల మీద ఎత్తుగా కట్టిన గదిలో బైతుల్ మాల్ ధనం భద్రపరచబడేది. న్యాయమూర్తులు మస్జిద్‌లో కూర్చొని వివాదాలు పరిష్కరించేవారు. అమీర్ ముఆవియా (రజి) కాలపు ఖాజీ సులైమ్ బిన్ ఇత్ర్ వద్దకు ఒక వారసత్వ తగాదా వచ్చింది. ఆయన తీర్పు చెప్పాడు. కొంతకాలానికి ఆ వారసులే తీర్పు విషయంలో మళ్లీ పోట్లాడుకుంటూ వచ్చారు. అప్పుడు ఆయన తీర్పును రాయించి, సాక్ష్యం వేయించి భద్రపరిచాడు. ఈజిప్టులో తీర్పులను రాసి ఉంచే పద్ధతి అలా ఆరంభమైంది.

క్రీ.శ. 814 ప్రాంతంలో ఇమామ్ షాఫయీ (రహ్మ) ఈజిప్టుకు వచ్చారు. 820లో పరమపదించే వరకు ఆయన బోధించింది ఈ మస్జిద్‌లోనే. ఫజ్ర్ నమాజు తరువాత ఖురాన్ అభ్యసించేవారు, పొద్దెక్కిన తరువాత హదీసు విద్యార్థులు, ఆ పిమ్మట శాస్త్రచర్చ చేసేవారు, చివరకు అరబ్బీ భాష, కవిత్వం నేర్చేవారు వరుసగా ఆయన చుట్టూ కూర్చునేవారు. మధ్యాహ్నం వరకు ఇలా సాగేది. ఇరాఖ్‌లో ఉండగా తాను వెల్లడించిన అభిప్రాయాలలో అనేకం ఆయన ఇక్కడ పునఃపరిశీలించి మార్చుకున్నారు. ఆయన గ్రంథం 'అల్ ఉమ్'ను భావితరాలకు అందించిన రబీ బిన్ సులైమాన్ మురాదీ (మరణం క్రీ.శ. 884) ఈ మస్జిద్‌లో ముఅజ్జిన్. వేళకు అజాన్ ఇచ్చే మనిషే ఒక మజ్‌హబ్ విజ్ఞానాన్ని కాపాడిన విద్వాంసుడు కూడా కావడం గమనార్హం.

క్రీ.శ. 1047 ప్రాంతంలో ఇక్కడికి వచ్చిన పారసీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో, మస్జిద్‌లో 400 పాలరాతి స్తంభాలు ఉన్నాయని రాశాడు. విద్యార్థులు, పరదేశులు, పత్రాలు రాసే లేఖకులు కలిసి ఎప్పుడు చూసినా అయిదువేల మందికి తగ్గకుండా అక్కడ ఉండేవారని ఆయన వర్ణన.

అగ్ని, ఉపేక్ష

హి. 275 (క్రీ.శ. 888)లో మస్జిద్‌లో కొంత భాగం కాలిపోయింది. ఖుమారవైహ్ 6,400 దీనార్లు వెచ్చించి బాగుచేయించాడు. 1168లో జెరూసలేం రాజు అమాల్‌రిక్ సేనలు కైరోపైకి వచ్చినప్పుడు, నగరం శత్రువులకు దక్కకూడదని మంత్రి షావర్ ఫుస్తాత్‌ను తగలబెట్టించాడు. ఆ మంటలు 54 రోజులు మండాయని మఖ్రీజీ రాశాడు. సలాహుద్దీన్ అయ్యూబీ 1172 ప్రాంతంలో మస్జిద్‌ను పునరుద్ధరించాడు. 1303 భూకంపం తరువాత అమీర్ సలార్ మరమ్మతులు చేయించాడు. ఒక శతాబ్దం గడిచాక మస్జిద్ మళ్లీ కూలే స్థితికి వచ్చినప్పుడు, ముందుకు వచ్చినది సుల్తాను కాదు. బుర్హానుద్దీన్ మహల్లీ అనే వర్తకుడు తన సొంత ధనంతో దానిని బాగుచేయించాడు.

అగ్ని ప్రమాదం నుండి, భూకంపం నుండి మస్జిద్ ప్రతిసారీ కోలుకుంది. అసలు దెబ్బ మరొక వైపు నుండి తగిలింది. ఫుస్తాత్ జనం క్రమంగా ఉత్తరాన వెలసిన కొత్త కైరోకు తరలిపోయారు. మస్జిద్ చుట్టూ పాడుబడిన దిబ్బలు మిగిలాయి. 18వ శతాబ్దం నాటి స్థితిని చారిత్రకుడు జబర్తీ వర్ణించాడు. ప్రజలు సంవత్సరానికి ఒక్కసారి, రంజాన్ చివరి శుక్రవారం నాడు, విహారయాత్రకు వచ్చినట్లు ఇక్కడికి వచ్చేవారు. ఇమామ్ షాఫయీ బోధించిన ఆ ప్రాంగణంలో ఆ రోజున పాములవాళ్లు, కోతులాడించేవాళ్లు చేరేవారు. చివరకు కప్పు కూలడంతో ఆ ఒక్క శుక్రవారపు నమాజు కూడా ఆగిపోయింది.

మురాద్ బేగ్ అనే మమ్లూక్ ప్రభువు దానిని దాదాపు పూర్తిగా తిరిగి కట్టించి, హి. 1212 (క్రీ.శ. 1798) రంజాన్ చివరి శుక్రవారం నాడు నమాజు జరిపించాడు. అయితే పూర్వం ఖిబ్లా గోడకు సమాంతరంగా సాగిన కమానుల వరుసలను ఆ గోడవైపు సాగేటట్లు మార్చడంతో మస్జిద్ లోపలి రూపమే మారిపోయింది. నాలుగు నెలలకే ఫ్రెంచి సేనలు ఈజిప్టులో దిగాయి. వారి కాలంలో మస్జిద్ మళ్లీ ధ్వంసమై, కలప కూడా ఎత్తుకుపోబడిందని జబర్తీ విచారంతో రాశాడు. 19, 20వ శతాబ్దాలలో పలుమార్లు పునర్నిర్మాణ పనులు జరిగాయి. 1970వ దశకంలో షేక్ ముహమ్మద్ గజాలీ (మరణం 1996) ఇక్కడ ఖుత్బాలు ఇచ్చినప్పుడు, శుక్రవారం నాడు ఈ విశాల ప్రాంగణం మళ్లీ జనంతో నిండింది.

మిగిలినది ఏమిటి?

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాం. హజ్రత్ అమ్ర్ (రజి) గోడలు పోయాయి. మస్లమా (రజి) బురుజులు పోయాయి. ఖుర్రా కట్టించిన మిహ్రాబ్ పోయింది. ఖిబ్లా కూడా జరిగింది. మిగిలినవి మూడు. మొదటిది, ఖైసబా సదఖాగా ఇచ్చిన స్థలం. రెండవది, ఆ స్థలంలో కాబా వైపుకు ముఖం త్రిప్పుకోవాలనే సంకల్పం. మూడవది, పడిపోయిన ప్రతిసారీ దానిని తిరిగి నిలబెట్టిన ముస్లిం సమాజపు బాధ్యత.

పాత కట్టడాలను భద్రపరచడం అవసరం లేదని దీని భావం కాదు. 827 నాటి దూలాల ముక్కలు నిలిచి ఉండబట్టే ఆనాటి వడ్రంగుల పనితనం మనకు తెలుస్తున్నది. మస్జిద్‌ను విస్తరించేటప్పుడు పాతదానిలో ఏది నిలుపుకోవచ్చునో ఆలోచించకుండా పడగొట్టడం వల్ల చాలా పోగొట్టుకున్నామని ఈ చరిత్రే చెబుతున్నది. అయితే గోడలను ఎంత భద్రంగా కాపాడినా, లోపల నిలబడేవారు లేకపోతే అది వట్టి పురాతన కట్టడంగానే మిగులుతుంది.

ఇరవై తొమ్మిది మీటర్ల గులకరాళ్ల నేలపై నిలిచినవారు అక్కడినుండి ఒక దేశాన్ని తీర్చిదిద్దారు. 400 పాలరాతి స్తంభాల మస్జిద్ ఒక కాలాన రంజాన్ చివరి శుక్రవారపు తమాషాగా మారింది. ఈ రెండు దృశ్యాలూ ఒకే మస్జిద్‌వి. మన వాడలోని మస్జిద్ ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉన్నదో తెలుసుకోవాలంటే దాని మీనారు ఎత్తును చూడనక్కరలేదు. ఏదో ఒక మామూలు రోజున ఫజ్ర్ వేళ లోపల నిలిచిన వరుసలను లెక్కపెడితే చాలు.